కంకణ సూర్యగ్రహణం ఎప్పుడు, ఎక్కడ కనిపిస్తుంది: తేదీ చూసుకోవడం నుంచి చోటు ఎంచుకునే దాకా

సూర్యగ్రహణం అనగానే అందరూ మొదట అడిగేది తేదీ. నిజానికి తేదీ తెలుసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిక. కంకణ గ్రహణం విషయంలో అసలు తేల్చుకోవలసింది చోటు. ఆ రోజు ప్రపంచంలో ఎంతోమందికి సూర్యుడు కొంత కొరికినట్టు కనిపిస్తాడు. చంద్రుడు సరిగ్గా నడుమకు వచ్చి, చుట్టూ నిప్పు గాజులా ఉంగరం మిగలడం మాత్రం ఒక సన్నని దారిలో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. దారికి పది కిలోమీటర్లు బయట నిలబడినా ఉంగరం ఉండదు. అందుకే నేను చెప్పేదంతా ఆ దారి చుట్టూనే తిరుగుతుంది. దాన్ని ఎలా కనుక్కోవాలి, అందులో ఎక్కడ నిలబడాలి, ఆ రోజు ఏం చేయాలి అన్నది వరుసగా చూద్దాం.

1. ముందు అది ఏ రకం గ్రహణమో చూసుకోండి

"ఫలానా తేదీన సూర్యగ్రహణం" అన్న వార్త చూడగానే ప్రయాణం గురించి ఆలోచించకండి. అది పాక్షికమా, సంపూర్ణమా, కంకణమా అన్నది ముందు తేలాలి.

తేడా అంతా చంద్రుడి దూరంలో ఉంది. చంద్రుడు మనకు దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 3,57,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, దూరంగా వెళ్లినప్పుడు సుమారు 4,06,000 కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేస్తాడు, అది సంపూర్ణ గ్రహణం. దూరంగా ఉన్నప్పుడు అతని నీడ మొన నేల దాకా చేరదు. బింబం చిన్నగా కనిపించి, సూర్యుడి అంచు చుట్టూ మిగిలిపోతుంది. అదే కంకణం.

ఒకే ఏడాదిలో రెండు రకాలూ రావచ్చు. 2027లో అలాగే జరుగుతుంది: ఫిబ్రవరి 6న కంకణ గ్రహణం, ఆగస్టు 2న సంపూర్ణ గ్రహణం. రెండింటి దారులూ వేరు, చూసే పద్ధతీ వేరు. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలు కళ్లద్దాలు తీసి చూడవచ్చు. కంకణ గ్రహణంలో ఒక్క క్షణం కూడా తీయకూడదు. ఈ ఒక్క కారణం చాలు, రకం ఏదో ముందే తెలుసుకోవడానికి.

2. రాబోయే తేదీల్లో మీకు అందేది ఏదో గుర్తించండి

2027 ఫిబ్రవరి 6: దారి చిలీ, అర్జెంటీనా, ఉరుగ్వే మీదుగా వెళ్లి, అట్లాంటిక్ దాటి, ఐవరీ కోస్ట్, ఘనా, టోగో, బెనిన్, నైజీరియా తీరాలకు చేరుతుంది. ఎక్కువసేపు కనిపించే చోట ఉంగరం 7 నిమిషాల 51 సెకన్లు ఉంటుంది, కానీ ఆ చోటు సముద్రం మీద ఉంది.

2028 జనవరి 26: గలపాగోస్ దీవులు, ఈక్వడార్, పెరూ, బ్రెజిల్, సురినామ్, ఫ్రెంచ్ గయానా. ఆ తర్వాత అట్లాంటిక్ దాటి పోర్చుగల్, స్పెయిన్‌లలో సూర్యుడు అస్తమించే వేళకు ముగుస్తుంది. గరిష్ఠంగా 10 నిమిషాల 27 సెకన్లు. ఇంత సుదీర్ఘమైన ఉంగరం అరుదు.

2030 జూన్ 1: ఉత్తర ఆఫ్రికాలో మొదలై గ్రీస్, టర్కీ, రష్యా, కజకిస్తాన్, చైనా మీదుగా జపాన్‌లోని హొక్కైదో దాకా. గరిష్ఠంగా 5 నిమిషాల 21 సెకన్లు.

2031 మే 21, బుధవారం: అంగోలా, కాంగో, జాంబియా, టాంజానియా దాటి, హిందూ మహాసముద్రం మీదుగా కేరళ, తమిళనాడు, శ్రీలంక ఉత్తరపు కొస, ఆపైన మలేసియా, ఇండోనేసియా. గరిష్ఠంగా 5 నిమిషాల 26 సెకన్లు.

భారత్‌లో 2010 జనవరి 15న, 2019 డిసెంబర్ 26న, 2020 జూన్ 21న కంకణం కనిపించింది. మళ్లీ ఈ నేల మీద కనిపించేది 2031లోనే. కాబట్టి ఇక్కడి నుంచి ఆ గ్రహణాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇంకో గ్రహణానికి వెళ్లాలనుకుంటే అంకెలు, ఊర్లు మారతాయి గానీ పద్ధతి మారదు.

3. జాబితా మీరే సరిచూసుకోండి

ఈ తేదీలను గుడ్డిగా నమ్మనక్కర్లేదు, ఒక పాత లెక్కతో మీరే సరిచూసుకోవచ్చు. 6,585 రోజుల 8 గంటలకు ఒకసారి సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు అదే అమరికకు తిరిగి వస్తాయి. అంటే 18 సంవత్సరాల 11 రోజులు, మధ్యలో వచ్చే లీపు సంవత్సరాలను బట్టి ఒక్కోసారి 10 రోజులు. దీన్ని సారోస్ చక్రం అంటారు.

2010 జనవరి 15న ధనుష్కోడిలో దాదాపు 10 నిమిషాలు ఉంగరం కనిపించింది. ఆ తేదీకి 18 సంవత్సరాల 11 రోజులు కలపండి. 2028 జనవరి 26 వస్తుంది. పైన రాసిన సుదీర్ఘ గ్రహణం అదే, 2010 గ్రహణానికి తర్వాతి తరం. 2020 జూన్ 21కి కలిపితే 2038 జూలై 2, ఆ రోజూ కంకణమే. 2031 మే 21 నుంచి వెనక్కి లెక్కపెడితే 2013 మే 10 వస్తుంది. ఆ రోజు ఉత్తర ఆస్ట్రేలియాలో, పసిఫిక్‌లో కంకణం కనిపించింది.

మరి గ్రహణం తిరిగొచ్చినా చోటెందుకు మారిపోతోంది? ఆ మిగిలిన 8 గంటల వల్ల. ఆ వ్యవధిలో భూమి మూడోవంతు తిరిగిపోతుంది కాబట్టి దారి సుమారు 120 డిగ్రీలు పడమరకు జరుగుతుంది. ఆస్ట్రేలియా, పసిఫిక్ వైపు ఉన్నది మన వైపు రావడం ఇలాగే. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి, గ్రహణాల జాబితా మీద ఎంత నమ్మకం కుదురుతుందో మీకే తెలుస్తుంది.

ఖచ్చితమైన సమయాలకు మాత్రం ఈ లెక్క చాలదు. దానికి మ్యాప్ కావాలి.

4. మ్యాప్‌లో మూడు గీతలు చదవడం నేర్చుకోండి

నాసా గ్రహణాల వెబ్‌సైట్‌లో ప్రతి గ్రహణానికీ మ్యాప్, పట్టిక ఉచితంగా దొరుకుతాయి. మ్యాప్ మీద నొక్కితే ఆ చోటి సమయాలు చెప్పే ఇంటరాక్టివ్ మ్యాప్‌లూ ఉన్నాయి. భారత్‌కు సంబంధించిన అధికారిక సమయాలను కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ప్రకటిస్తుంది. ఫోన్‌లో స్టెల్లారియం యాప్ ఉంటే, మీ ఊరు, తేదీ ఇచ్చి ఆ రోజు ఆకాశం ఎలా ఉంటుందో ముందే తిప్పి చూసుకోవచ్చు.

మ్యాప్ తెరవగానే పక్కపక్కనే సాగే మూడు గీతలు కనిపిస్తాయి. ఉత్తరపు హద్దు, దక్షిణపు హద్దు, నడుమ గీత. ఉంగరం కనిపించేది రెండు హద్దుల మధ్యనే. 2031లో గరిష్ఠ బిందువు (గ్రహణం పతాక దశకు చేరే చోటు) దగ్గర ఈ పట్టీ వెడల్పు సుమారు 152 కిలోమీటర్లు. వెడల్పు ప్రతి గ్రహణానికీ మారుతుంది. 2020 జూన్‌లో గరిష్ఠ బిందువు దగ్గర 21 కిలోమీటర్లే, రాజస్థాన్, హర్యానాల్లో ఉంగరం అర నిమిషంలో మాయమైంది.

నడుమ గీత మీద ఉంటే ఉంగరం అన్ని వైపులా సమంగా, ఎక్కువసేపు ఉంటుంది. గీత నుంచి కొద్దిగా పక్కకు జరిగినా పెద్ద నష్టం లేదు, కొన్ని సెకన్లే తగ్గుతాయి. హద్దుకు దగ్గరయ్యే కొద్దీ మాత్రం సమయం వేగంగా పడిపోతుంది. అందుకని నడుమ గీతే కావాలని పట్టుబట్టకండి. మధ్య సగంలో ఎక్కడున్నా చాలు. కొందరు కావాలనే హద్దు దగ్గరికి వెళతారు. అక్కడ ఉంగరం ఒకవైపు సన్నగా దారంలా అయి, చంద్రుడి కొండల మధ్య నుంచి వెలుగు పూసల్లా తెగి మెరుస్తుంది. అది అందమే గానీ, మొదటిసారి చూసేవాళ్లకు నేను చెప్పను. వాళ్లు నిండు ఉంగరమే చూడాలి.

మీరు ఎంచుకున్న చోట నొక్కితే వచ్చే పట్టికలో నాలుగు సమయాలు ఉంటాయి: చంద్రుడు తాకే క్షణం, ఉంగరం ఏర్పడే క్షణం, ఉంగరం తెగిపోయే క్షణం, చంద్రుడు పూర్తిగా విడిచిపెట్టే క్షణం. పంచాంగంలో రాసే స్పర్శ, మోక్ష కాలాలు ఇందులో మొదటిదీ చివరిదీ. మీకు ముఖ్యమైనవి నడిమి రెండు. ఆ రెండూ ఖాళీగా కనిపిస్తే మీ చోటు దారికి బయట ఉందని అర్థం.

ఇక్కడే చాలామంది శాతాలు చూసి పొరబడతారు. దారికి బయట ఉన్న ఊరికి కూడా "85 శాతం గ్రహణం" అని కనిపించవచ్చు. ఆ అంకె పెద్దదే, కానీ ఉంగరం లేదు, అది పాక్షికమే. 2031లో దారిలో నిలబడినవాళ్లకు కూడా వంద రాదు. చంద్రుడి బింబం సూర్యుడి బింబంలో 96 శాతం వెడల్పు ఉంటుంది కాబట్టి కప్పేది 92 శాతమే. శాతాన్ని చూడకండి, ఉంగరం సమయాలు ఉన్నాయా లేదా అన్నదే చూడండి.

ఇంకొకటి, పట్టికలోని సమయం ఏ కాలమానంలో ఉందో గమనించండి. చాలా చోట్ల అంతర్జాతీయ సమయం ఇస్తారు. 2031 గ్రహణం గరిష్ఠ దశ సుమారు 7:15 అని కనిపిస్తే, భారత కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. మధ్యాహ్నం 12:45 అవుతుంది. అదీ లక్షద్వీప్ దగ్గరి సముద్రం మీద. నీడ అక్కడి నుంచి తూర్పుకు జరుగుతూ కేరళ, తమిళనాడులకు వచ్చేసరికి ఒంటి గంట ప్రాంతం అవుతుంది.

5. దారి తెలిశాక మబ్బుల సంగతి చూడండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. గ్రహణం సెకనుతో సహా చెప్పినట్టే వస్తుంది, మబ్బు మాత్రం ఎవరి మాటా వినదు.

2031 దారిలో కొచ్చి, అలప్పుళ, కొట్టాయం, తేని, మదురై, కారైకుడి ఉన్నాయి. మ్యాప్ మీద ఇవన్నీ సమానంగానే కనిపిస్తాయి, ఆకాశం దృష్టితో చూస్తే కావు. కేరళకు నైరుతి రుతుపవనాలు మామూలుగా చేరే తేదీ జూన్ 1. మే 21 అంటే దానికి పది రోజుల ముందు, అప్పటికే రుతుపవనాలకు ముందు పడే జల్లులు జోరుగా ఉంటాయి. పైగా ఉదయం ఎండ కాసి మధ్యాహ్నానికి మబ్బులు కమ్మడం ఆ కాలంలో రివాజు. ఉంగరం వచ్చేది సరిగ్గా ఒంటి గంటకు.

పశ్చిమ కనుమలు దాటితే పరిస్థితి మారుతుంది. పడమటి గాలి తెచ్చే తేమ చాలావరకు కొండల అవతలి వైపే ఖాళీ అయిపోతుంది. మదురై నుంచి కారైకుడి వరకు ఉన్న మైదానం వానచాటు వైపు ఉంది. నన్ను అడిగితే అటువైపే పందెం కాస్తాను. తేని కూడా కొండల ఇవతలే ఉన్నా, కొండలకు మరీ దగ్గర. మధ్యాహ్నపు మబ్బులు ముందు పుట్టేది కొండల మీదే.

ఇప్పుడు చేయవలసినవి:

గత ఐదారు సంవత్సరాల మే 18 నుంచి 24 వరకు, మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య తీసిన ఉపగ్రహ చిత్రాలు చూడండి. ఒక్కో ఊరికి ఎన్ని రోజులు ఆకాశం తేటగా ఉందో రాసుకోండి. నెల సగటు వర్షపాతం మీద ఆధారపడకండి. రాత్రి కురిసిన వాన కూడా అందులో కలిసిపోతుంది, మీకు కావలసింది ఆ ఒక్క గంట.

ఒకే చోటును కాదు, రెండింటిని పెట్టుకోండి. రెండూ దారిలోనే ఉండాలి, మధ్య దూరం రెండు మూడు గంటల ప్రయాణం ఉండాలి. వాతావరణ సూచన మూడు రోజుల ముందు నుంచి పనికొస్తుంది. ముందు రోజు సాయంత్రం సూచన చూసి ఎటు వెళ్లాలో తేల్చుకోండి. ఆ రోజు తెల్లవారుజామున ఉపగ్రహ చిత్రం చూసి చివరి నిర్ణయం తీసుకోండి. గ్రహణానికి గంట ముందు పరుగులు పెట్టడం వల్ల టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఉన్నదీ పోతుంది.

పైన చిన్న చిన్న దూది మబ్బులు తేలుతుంటే నిరాశపడకండి. సూర్యుడు తగ్గే కొద్దీ నేల చల్లబడుతుంది, నేల వేడితో పుట్టిన ఆ మబ్బులు గ్రహణం సమయంలో పలచబడటం శాస్త్రవేత్తలు గమనించారు. పెద్ద వాన మబ్బులకు మాత్రం ఇది వర్తించదు.

6. నిలబడే చోటును కళ్లతో చూసి రండి

సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉంటాడో ముందే తెలుసుకోండి. 2028లో స్పెయిన్‌లో చూసేవాళ్లకు పడమటి దిక్కు చెట్టూ చేమా లేకుండా తెరిపిగా ఉండాలి, ఎందుకంటే ఉంగరం దిగంతానికి ఆనుకుని ఉంటుంది. 2031లో దక్షిణ భారతంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఎదురుగా బిల్డింగ్ ఉన్నా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మెడతోనే. తల వెనక్కి వంచి ఐదు నిమిషాలు చూడటం చెప్పినంత సులువు కాదు. చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి. పిల్లలకూ పెద్దవాళ్లకూ ఇదే సుఖం.

స్పర్శ నుంచి మోక్షం దాకా మూడు గంటలకు పైగా పడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం అన్నిసేపు ఎండలో ఉండలేరు. పక్కన నీడ ఉన్న చోటే ఎంచుకోండి. మంచి చెట్టు నీడ అయితే ఇంకో లాభం కూడా ఉంది, అది కింద చెబుతాను. నీళ్లు, టోపీ మరిచిపోకండి.

7. కళ్లకు రక్షణ: ఇందులో రాజీ లేదు

92 శాతం మూసుకుపోయాక మిగిలేది 8 శాతమే కదా అనిపిస్తుంది. సూర్యుడు నిండు చంద్రుడి కన్నా సుమారు 4 లక్షల రెట్లు ప్రకాశవంతం. అందులో 8 శాతం అంటే ముప్పై వేల నిండు చంద్రుళ్లు! కంటి లోపలి తెర అయిన రెటీనాను కాల్చడానికి ఆ వెలుగు చాలా ఎక్కువ. రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నప్పుడు మీకు ఏమీ అనిపించదు. చూపులో మచ్చ పడిన సంగతి కొన్ని గంటల తర్వాత గాని బయటపడదు.

వాడవలసినవి ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి తగ్గ గ్రహణ కళ్లద్దాలు, లేదా 14వ నంబరు వెల్డింగ్ గాజు. కళ్లద్దాలు చేతికి రాగానే ఇంట్లోనే పరీక్షించండి. పెట్టుకుని గదిలో చుట్టూ చూస్తే ఏమీ కనిపించకూడదు. వెలుగుతున్న బల్బు కనిపించినా ఎంతో మసకగా ఉండాలి. తర్వాత ఫిల్టర్‌ను దీపానికి ఎదురుగా పట్టి సూది మొనంత చిల్లు గానీ, గీత గానీ ఉందేమో చూడండి. ఉంటే పారేయండి.

ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, సీడీలు, చలువ కళ్లద్దాలు, పళ్లెంలో నీళ్లలో ప్రతిబింబం, ఇవేవీ పనికిరావు. గ్రహణ కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్లలోంచి, కెమెరా వ్యూఫైండర్‌లోంచి చూడటం ఇంకా ప్రమాదం. లెన్సు పోగుచేసిన వేడికి ఫిల్టరే కాలిపోతుంది. బైనాక్యులర్లకు, కెమెరాకు సౌర ఫిల్టర్ ముందు అద్దానికే బిగించాలి. చూపు అద్దాలు వాడేవాళ్లు వాటి మీదే గ్రహణ కళ్లద్దాలు పెట్టుకోవచ్చు.

8. కళ్లద్దాలు లేకుండా ఉంగరాన్ని నేల మీద చూడండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అట్టకు చిన్న చిల్లు పెట్టి, దాని నీడను తెల్ల కాగితం మీద పడనివ్వండి. ఆ చిల్లులోంచి పడే వెలుగుచుక్క సూర్యుడి బొమ్మే. అట్టకూ కాగితానికీ మధ్య మీటరు దూరం ఉంటే బొమ్మ 9 మిల్లీమీటర్లు, మూడు మీటర్లు ఉంటే 28 మిల్లీమీటర్లు వస్తుంది.

చిల్లు ఎంత ఉండాలన్నది కంకణ గ్రహణానికి ముఖ్యం. 2031లో ఉంగరం మందం బొమ్మ వెడల్పులో రెండు శాతమే. చిల్లు పెద్దదైతే ఉంగరం లావెక్కి, నడుమ ఉన్న చీకటి మసకబారి పూడిపోతుంది. మీటరు దూరంలో 4 మిల్లీమీటర్ల చిల్లు పెడితే మీకు కనిపించేది అంచులు మసకబారిన లావాటి ఉంగరమే. రెండు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి దూరం పెంచండి, ఉంగరం చక్కగా తేలుతుంది. ముందే ఏదో ఒక రోజు ఎండలో రెండు మూడు సైజుల చిల్లులతో ప్రయత్నించండి, అంచు పదునుగా వచ్చేదాన్ని దాచుకోండి.

నడినెత్తి సూర్యుడికి ఈ పద్ధతి మరీ సులువు. అట్టను నేలకు సమాంతరంగా ఎత్తి పట్టుకుంటే బొమ్మ దాదాపు కిందే పడుతుంది. జల్లెడ పట్టుకుంటే వందల ఉంగరాలు ఒకేసారి నేల మీద పరుచుకుంటాయి. చెట్టు నీడ లాభం అన్నది కూడా ఇదే. ఆకుల సందులన్నీ చిల్లులే. మామూలు రోజుల్లో చెట్టు కింద కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలు సూర్యుడి బొమ్మలే, ఆ ఐదు నిమిషాలూ అవన్నీ ఉంగరాలవుతాయి. ఎక్కువమంది ఉంటే చిన్న అద్దం మీద 5 మిల్లీమీటర్ల చిల్లున్న కాగితం అంటించి, ఆ వెలుగును పది మీటర్ల దూరంలో నీడలో ఉన్న గోడ మీదికి తిప్పండి. జానెడు కన్నా చిన్నదే, తొమ్మిది సెంటీమీటర్ల బొమ్మ, కానీ గది నిండా జనం చూడగలరు. అద్దంలోకి ఎవరూ తొంగి చూడకుండా మాత్రం ఒకరు కాపలా ఉండాలి.

9. ఆ ఐదు నిమిషాలు

ఉంగరం ఏర్పడే సమయం, తెగే సమయం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి. రెండు నిమిషాల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. అప్పటికే నెలవంకలా సన్నబడిన సూర్యుడి రెండు కొమ్ములు ఒకదానికొకటి సాగుతూ వస్తాయి. అవి కలిసే క్షణం చూడవలసింది. ఫోటో తీయాలనుకుంటే కెమెరాను ముందే స్టాండు మీద సిద్ధంగా ఉంచి, ఆ క్షణం మీ కళ్లకు వదిలేయండి. ఫోటోలు మిగతా నాలుగు నిమిషాల్లో తీసుకోవచ్చు.

మధ్యలో ఒకసారి తల దించి చుట్టూ కూడా చూడండి. పూర్తి చీకటి పడదు, సంపూర్ణ గ్రహణంలా నక్షత్రాలు బయటికి రావు. కానీ మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి పస తీసేసినట్టు వెలుగు వెలవెలబోతుంది, గాలి చల్లబడుతుంది. కళ్లద్దాలు తీయవలసింది తల దించాకే. మళ్లీ పెట్టుకున్నాకే పైకి చూడాలి. పిల్లలకు ఈ వరుస ముందు రోజే రెండు మూడుసార్లు ఆడించి అలవాటు చేయండి.

ఉంగరం తెగిపోగానే జనం లేచి బయల్దేరతారు. మీరు ఇంకాసేపు కూర్చుంటే మంచిది. రోడ్డు రద్దీ తగ్గుతుంది, మోక్షం దాకా గంటన్నర పైగా చంద్రుడు మెల్లగా జారుకోవడం చూడవచ్చు. ఆ తర్వాత కళ్లద్దాలను గీతలు పడకుండా కవర్లో పెట్టి దాచండి. ఫిల్టర్ చెడకుండా ఉంటే 2034 మార్చి 20కి కూడా పనికొస్తాయి. ఆ రోజు సంపూర్ణ గ్రహణం దారి కశ్మీర్, లద్దాఖ్ వైపు నుంచి వెళుతుంది, మ్యాప్ తెరిచి మళ్లీ ఒకటో అంచె నుంచి మొదలుపెట్టవచ్చు.